కొత్తవాడ నల్లా దగ్గర దొరికిన వాచకం

తెలుగు రాని వాళ్లకు తెలుగు నేర్పే ఉద్యోగం కూడా ఒకటుంటుందని మా బంధువుల్లో చాలామంది నేను రిటైరయ్యే దాకా నమ్మలేదు. "దానికి నేర్పేదేముందమ్మా, ఉండగా ఉండగా అదే వస్తుంది" అనేవారు. అదే రాదు. నేనే సాక్షిని. పగలు హనుమకొండలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు పండితురాలిని. సాయంత్రం అదే స్కూల్లో, అవే బల్లల్లో మోకాళ్లు ఇరుక్కుని అవస్థపడే పెద్దమనుషులకు పంతులమ్మను. బ్యాంకుల వాళ్లు, రైల్వే వాళ్లు, మిల్లు ఇంజనీర్లు, అందరూ వేరే రాష్ట్రాల నుంచి బదిలీ మీద వరంగల్లుకు వచ్చిపడ్డవాళ్లే.

ఈ మధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాసివ్వండి మేడం" అని కూర్చున్నారు. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాస్తే చదివేవాళ్ల సంగతి అటుంచి, రాస్తూ రాస్తూ నేనే నిద్రపోతాను. అందుకని ఒక్క తలనొప్పి గురించే రాస్తున్నాను. కన్నడిగులకు తెలుగు నేర్పడానికి పనికొచ్చే సరుకు ఎక్కడ దొరుకుతుంది? డెబ్భైల చివర మొదలై ఎనభైల్లో కూడా నన్ను వదలని ప్రశ్న ఇది.

పక్కింటివాళ్లతోనే చిక్కు

కన్నడం వాళ్లకు తెలుగు నేర్పడం నల్లేరు మీద నడక అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. అక్షరాలు అన్నదమ్ముల్లా ఉంటాయి, మాటల్లో బోలెడు అటూ ఇటూ ఒకటే. ఇంకేం కావాలి?

అసలు చిక్కు అక్కడే ఉంది. పంజాబు నుంచి వచ్చిన ఇంజనీరుకు ఒక్క ముక్క తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం బాగా తెలుసు. అందుకని సిగ్గు లేకుండా ప్రతిదీ అడుగుతాడు, తప్పులు మాట్లాడతాడు, జనం నవ్వితే తనూ నవ్వుతాడు, కొన్నాళ్లకు వంకాయల బేరం ఆడుతుంటాడు. కన్నడిగుడికి సగం అర్థమవుతుంది. ఆ సగంతో తల ఊపుతాడు. తల ఊపేవాడికి ఏం రాదో మనకు తెలిసే దారి లేదు. వారం తిరక్కుండా పేపరు గడగడ చదివేస్తాడు. ఏం చదివారండీ అని అడిగితే ఎంతో మర్యాదగా నవ్వుతాడు.

పుస్తకాలు చూద్దామా అంటే ఇంగ్లీషు వాళ్ల కోసం ఉన్నాయి, హిందీ వాళ్ల కోసం ఉన్నాయి. సరిహద్దు అవతలే ఉన్న కన్నడిగుల కోసం నా కంటికి ఒక్కటీ కనపడలేదు. పక్కింటికి దారి చూపించే బోర్డు ఎవరూ పెట్టరు కదా, అలాగన్నమాట. ఉన్నవాటితో సరిపెడదామంటే అన్నీ అ, ఆల దగ్గర మొదలయ్యేవి. వచ్చినదాన్నే మళ్లీ నేర్చుకోమంటే ఎంత ఓపిక గలవాడికైనా ఆవులింతలు వస్తాయి.

పలకల పార్సెలు

ఈ సాయంత్రం తరగతులు నడిపే మా పథకానికి హైదరాబాదులో ఒక డైరెక్టరు గారుండేవారు, నరసింహాచార్యులు గారు. మల్లెపువ్వు లాంటి పంచె, మడత నలగని కండువా. ఆయన మాట్లాడితే ప్రూఫులు కూడా దిద్దేసిన పేజీ విన్నట్టుండేది. ఆయనది కృష్ణా జిల్లా అని కొందరు, కాదు గోదావరి అని కొందరు పందేలు కట్టేవారు. మాట పట్టుకుని ఊరు చెబుదామంటే ఆ మాటకు ఎక్కడా ఊరు అంటి ఉండేది కాదు.

కన్నడిగులకు వేరే పాఠాలు కావాలి మహాప్రభో అని ఆయనకు మొరపెట్టుకున్నాను. పార్సెలు వచ్చింది. విప్పి చూస్తే పలకలు, బలపాలు. ఫోన్ చేసి అడిగితే, "పునాది అమ్మా, పునాది ముఖ్యం" అన్నారు. ఆ సాయంత్రం ధారవాడ నుంచి వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు, బట్టతల మీద చెమట తుడుచుకుంటూ, పలక మీద 'ఆవు' అని రాశాడు. కిటికీలోంచి ఆయన జీపు డ్రైవరు చూస్తున్నాడు. పాపం పెద్దాయన ఇంటికి వెళ్లేటప్పుడు పలకను పేపర్లో చుట్టుకుని చంకలో దాచుకున్నాడు. మర్నాటి నుంచి తరగతికి రాలేదు.

ఇక లాభం లేదని హైదరాబాదు వెళ్లి, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లో వెతికాను. ఒకటి దొరికింది. వెనకటి దొరలు తెలుగు నేర్చుకోవడానికి ఎవరో రాసిపెట్టిన పుస్తకం, అట్ట లేదు. పిల్లల వాచకం కాదు, పెద్దవాళ్లు మాట్లాడుకునే వాక్యాలే అని సంబరపడి తెచ్చాను. తెరిస్తే మొదటి పాఠంలోనే "నా గుర్రమునకు దాణా పెట్టితివా?" అని ఉంది. రెండో పాఠంలో డేరా ఎక్కడ వేయాలో నౌకర్లకు చెప్పాలి. నా విద్యార్థుల్లో సైకిలు తప్ప వేరే వాహనం ఉన్నవాళ్లు తక్కువ. అయినా ఏమీ లేనిదానికన్నా నయమని అదే చెప్పాను. చెప్పి ఒక మంచి మనిషిని ఇరకాటంలో పెట్టాను.

హెగ్డే

ఆ మంచి మనిషి హెగ్డే. ఉత్తర కన్నడ జిల్లాలో వక్కతోటలున్న ఇంటి పిల్లవాడు. పొడుగ్గా, వెదురుకర్రలా ఉండేవాడు. గొంతు ఎంత మెత్తనంటే హాజరు పలికితే నాకు వినపడక ఆబ్సెంట్ వేసిన రోజులున్నాయి. ఒక బ్యాంకులో ఫీల్డాఫీసరుగా చేరాడు. వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లకు తిరిగి, మగ్గాల సంగతీ నేతగాళ్ల అవసరాలూ కనుక్కోవడం అతని పని.

వాళ్ల బ్యాంకులో ఒక నిబంధన ఉండేది. ఉద్యోగం ఖాయం కావాలంటే స్థానిక భాషలో మౌఖిక పరీక్ష ప్యాసవ్వాలి. మూడు అవకాశాలు. మూడోసారి కూడా తప్పితే ఇంటికే. పరీక్ష చేసేది మన నరసింహాచార్యులు గారే.

మొదటిసారి హెగ్డే పేపరు సంపాదకీయం ధారాళంగా చదివాడు. డైరెక్టరు గారు సంతోషించి ఒక ప్రశ్న అడిగారు. హెగ్డే తల ఊపాడు. ఇంకో ప్రశ్న అడిగారు. మళ్లీ ఊపాడు. తప్పాడు. రెండోసారికి నా దొరల పుస్తకం పుణ్యమా అని నోరు విప్పాడు గానీ, బట్టీపట్టిన పాఠం అయిపోగానే గుర్రం ఆగిపోయినట్టు ఆగిపోయాడు. ఈ మధ్యలో కొత్తవాడలో ఇంకో ముచ్చట జరిగింది. ఓదెలు అనే నేతగాడి వాకిట్లో నిలబడి, "అయ్యా, తమ క్షేమము కనుగొనుటకు వచ్చితిని" అన్నాడట. ఓదెలు మగ్గం గుంతలోంచి తల ఎత్తి, కాసేపు చూసి, "ఏ పార్టీ సారూ మీది? ఓట్లు ఇంక దూరమున్నయి గదా" అన్నాడట.

హెగ్డే అది నవ్వుతూనే చెప్పాడు. తర్వాత బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు.

"ఉద్యోగం పోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"తోటకు పోతాను మేడం. అన్నలు ఉన్నారు. వాళ్లు ఏమీ అనరు." గోటితో ఒక గీత మీద గీస్తూ, "ఏమీ అనరు, అదే కష్టం" అన్నాడు.

మూడో పరీక్ష దగ్గర పడుతోంది. నా చేతిలో ఉన్న సరుకేమో పలకలు, గుర్రాలు.

మైకు ముందు వరంగల్లు

పుస్తకాల్లో లేకపోతే మనుషుల దగ్గరే తెచ్చుకుందామనుకున్నాను. మా మరిది దుబాయి నుంచి టేపురికార్డరు తెచ్చాడు. దాన్ని అడుక్కుని, హెగ్డేను వెంటబెట్టుకుని ఓదెలు ఇంటికి వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు మాట్లాడండి, మేం పాఠంగా వాడుకుంటాం అని చెప్పి మైకు పెట్టాను.

ఓదెలు మనిషే మారిపోయాడు. అప్పటిదాకా "ఏంది టీచరమ్మా, గీ మిషిని గూడ మోసుకొచ్చిండ్రా" అంటూ మాట్లాడినవాడు మైకు చూడగానే గొంతు సవరించుకుని, "ముందుగా శ్రోతలందరికీ నమస్కారములు. జంపఖానా అనగా నూలుతో తయారు చేయబడునట్టిది" అని మొదలుపెట్టాడు. రేడియోలో రైతుల కార్యక్రమం విని విని మైకు ముందు అలాగే మాట్లాడాలని ఖాయం చేసుకున్నాడు. అతని భార్య కనకవ్వను మాట్లాడమంటే లోపలికి వెళ్లి, తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఫొటో కాదమ్మా, మాట మాత్రమే అన్నాను.

"మాటకైనా మంచిగుండాలె గద టీచరమ్మా" అంది.

కూర్చుని, "మా ఊరు వరంగల్లు. మా ఊరు చాలా అందమైనది" అని చెప్పి, ఇక చాలా అన్నట్టు నా వైపు చూసింది.

హసన్‌పర్తిలో రైతులను పట్టుకున్నా ఇదే తంతు. ఎరువుల మోతాదు చెప్పి, "ఇంతటితో సమాప్తం" అనేవారు. మన దగ్గర మనిషికి ఇంటి మాట వేరు, నలుగురి ముందు పెట్టే మాట వేరు. ఇంటి మాట మైకులో పెట్టేంత విలువైనదని ఎవరూ మనకు చెప్పలేదు. బడిలో చెప్పాల్సినదాన్ని నేనే చెప్పలేదు. పిల్లలు "గట్ల" అంటే "అలా" అని దిద్దడమే నా జీతం. నేను దిద్దిన వరంగల్లే నాకు టేపులో తిరిగొచ్చింది.

నల్లా వచ్చింది

ఓదెలు ఇంటికి వెళ్లిన రోజే, కనకవ్వ కార్యక్రమం అయ్యాక, చాయ్ తాగి వెళ్లమన్నారు. మిషను ఆపడం మరిచిపోయి అరుగు మీద పెట్టి లోపల కూర్చున్నాం. బయట వీధి నల్లాలో నీళ్లు వచ్చాయి. కనకవ్వ కొత్త చీరతోనే బిందె పట్టుకుని పరుగెత్తింది.

ఇంటికొచ్చి టేపు వేసి చూస్తే, ఓదెలు, కనకవ్వల రేడియో ప్రసంగం అయిపోయిన చోట బంగారం దొరికింది. నల్లా దగ్గర కనకవ్వకూ వీధిలో ఇంకొకామెకూ తగాదా, మొదటి మాట కనకవ్వదే.

"ఏందే, నా బిందె ముందుగాల పెట్టిన గదా, జరిపినవేంది?"

"జరపలే. నా బిందెకు తాకుతాందని జర పక్కకు పెట్టిన. గంతదానికి గింత లొల్లా?"

"నేను లొల్లి వెడ్తున్ననా? సూడుండ్రి అందరు, నేను లొల్లి వెడ్తున్ననట."

ఇట్లా సాగింది. అడగడం, ఎదురడగడం, కారణం చెప్పడం, జరిగినది వరస తప్పకుండా ఏకరువు పెట్టడం, పక్కవాళ్లను సాక్ష్యానికి పిలవడం, అన్నీ ఉన్నాయి. భాష నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా తగాదాలో పడ్డ మనిషికి మైకు గుర్తుండదు. తల ఊపి తప్పించుకునే వీలు కూడా ఉండదు. తల ఊపితే బిందె పోతుంది.

అప్పటి నుంచి తగాదాల వేటలో పడ్డాను. బస్సు సీటులో రుమాలు వేసి ఆపుకున్న వాళ్లూ, రుమాలు తీసేసిన వాళ్లూ. ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని, నువ్వు పోగును గట్టిగా దిగ్గొడుతున్నావంటే నువ్వు వదులుగా వదులుతున్నావని వాదించుకునే నేతగాళ్లు. కనకవ్వకు చెప్పకుండా వాడుకోవడం బాగుండదని ఆమె తగాదా ఆమెకే వినిపించాను. తిడుతుందనుకున్నాను. మొత్తం విని, "దాని మాటలన్ని సాఫ్ పడ్డయి, నావి నీళ్ల సప్పుడుల కొట్టుకపోయినయి. మల్ల తియ్యి" అంది. సరేనని మైకు పెట్టాను. "మా వీధిలో నల్లా కలదు" అంది.

హెగ్డే టేపులు అరగదీశాడు. ఆ మెత్తటి గొంతుతోనే, చేతులు కట్టుకుని, కనకవ్వ మాటలన్నీ వల్లె వేసేవాడు. ఫలితం మాత్రం నేను అనుకున్న దారిన రాలేదు. ఒకరోజు పొద్దున మా ఇంటి గేటు దగ్గర ఎవరో అంటున్నారు: "ఏందమ్మా, గప్పటిసంది నిలవడ్డ, తలుపు తియ్యవేంది? నేను మనిషి లెక్క కనవడ్తలేనా?" మా ఆయన ఎవరో గొడవకొచ్చారని లుంగీ బిగించుకుని బయటికి వెళ్లారు. చూస్తే హెగ్డే, రెండు చేతులూ జోడించి, చిరునవ్వుతో, అరటిపళ్ల సంచీ పట్టుకుని నిలబడ్డాడు.

పాఠంతో పాటు పాఠంలోని కోపం కూడా నేర్చుకుంటారని నాకు తట్టలేదు. కొత్తగా వచ్చే వాళ్లు ఇది రాసిపెట్టుకోండి. సరుకు ఎక్కడి నుంచి తెస్తామో అక్కడి వాసన దానితో వస్తుంది. కానీ కొత్తవాడలో మాత్రం అతని గిరాకీ పెరిగింది. ఓదెలు నాతో, "ఇప్పుడైతే సారు మనిషి లెక్క మాట్లాడుతాండు" అన్నాడు. అతను వస్తే మగ్గం ఆపి మరీ కూర్చోబెట్టుకునేవారు.

మూడోసారి

పరీక్ష మా స్కూల్లోనే, ఒక ఆదివారం. గదిలో డైరెక్టరు గారు, హెగ్డే, ఓ మూలన నేను. బయట వరండాలో రైల్వే ఉద్యోగి ఒకాయన తన వంతు కోసం కూర్చున్నాడు.

"మీ దినచర్య చెప్పండి" అన్నారు డైరెక్టరు గారు.

హెగ్డే మొదలుపెట్టాడు. పొద్దుగాల లేస్త, సైకిల్ మీద కొత్తవాడ పోత, ఓదెలన్న ఇంట్ల చాయ్ తాగుత అంటూ ఎక్కడా ఆగకుండా చెప్పుకుపోయాడు. నా గుండె నిండిపోయింది. డైరెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఇది తెలుగు కాదండీ. ఇది వీధి మాట. దీనికి మార్కులు వేయడం నా వల్ల కాదు. క్షమించండి" అని కలం టోపీ తీశారు.

నేను లేచి ఏదో చెప్పబోయాను. "మీరుండండమ్మా" అన్నారు. ఆయన కలం కాగితం మీదికి వంగింది. హెగ్డే మొహం తెల్లబోయింది. అయిపోయింది, వక్కతోటకు పంపించేశాను అనుకున్నాను.

హెగ్డే లేచి నిలబడ్డాడు.

"ఏంది సార్, వీది మాటనా? మరి వీదిలున్నోళ్లు యాడ మాట్లాడాలె?"

"కూర్చోండి."

"కూసోను. రెండుసార్లు కూసున్న. పొమ్మన్నరు, పోయిన. ఇయ్యాల పోను. నేను పని జేసేది కొత్తవాడల. ఆడి మనుషులతోని మాట్లాడాల్నా, మీ పుస్తకంతోని మాట్లాడాల్నా? మీరు బిందె ముందుగాల పెట్టినంత మాత్రాన నల్లా మీదైతదా?"

నల్లా తగాదా టేపులోని మాట అది. అక్కడ నల్లా లేదు, బిందె లేదు, అయినా మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. డైరెక్టరు గారు కలం కింద పెట్టారు.

"నల్లా నాదని నేనన్నానా?"

"అనకుంటనే అన్నట్టు జేస్తున్నరు గదా. అడుగుండ్రి టీచరమ్మను."

"ఆమెను ఎందుకు అడగాలి? ఎప్పుడన్నాను? ఎవరితో అన్నాను?"

"ఇప్పుడే అన్నరు. గీ కుర్సీల కూసోనే అన్నరు."

"అన్ననా? గీ కుర్సీల కూసోని అన్ననా? ఎవలు విన్నరు? నాకు నల్లా సంగతి జెప్తున్నవా నువ్వు? మా మడికొండల నల్లా ఎక్కడిది, బాయి ఉండె. బాయికాడ మా అమ్మ లొల్లి వెట్టుకుంటె ఖాజీపేట దాక ఇనవడేది. ఆమె ముంగట నువ్వెంత?"

ఆయన ఏం మాట్లాడారో ఆయనకే అప్పుడు వినపడ్డట్టుంది. కృష్ణా జిల్లా కాదు, గోదావరీ కాదు. మడికొండ, మేం కూర్చున్న చోటు నుంచి సైకిలు మీద వెళ్లి రాగలిగినంత దూరంలో ఉన్న ఊరు.

తగాదా అక్కడితో ఆగాలి. కానీ హెగ్డేకు ఆపడం రాదు. క్యాసెట్టు ఆదా అవుతుందని, ప్రతి తగాదా చల్లారే చోట నేను బటన్ నొక్కేసేదాన్ని. లొల్లి ఎట్లా ముగుస్తుందో అతను ఎన్నడూ విని ఎరుగడు.

"అయితేంది?" అన్నాడు హెగ్డే.

"ఏం లేదు. పాసైనవ్. ఇగ సాలు, కూసో."

"ఎందుకు కూసోవాలె?"

నేను వెళ్లి అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. అప్పుడు గానీ విషయం బుర్రకెక్కలేదు. ఎక్కాక "థ్యాంక్యూ సార్" అని ఇంగ్లీషులో అన్నాడు, ఎప్పటిలా వినీ వినపడకుండా.

డైరెక్టరు గారు మార్కులు వేసి, సంతకం చేసి, కాగితం నాకిచ్చారు. కండువా సర్దుకున్నారు. ఇక తర్వాతి ఆయన్ని పిలవమంటారని తలుపు దగ్గరికి వెళ్లాను. ఆయన పిలవమనలేదు. హెగ్డే వైపు చూస్తున్నారు.

"కొత్తవాడల ఇంక గిట్లనే మాట్లాడుతున్నరా?"

"అవును సార్. అందరు."

"మా ఇంట్ల ఎవలు లేరు ఇట్ల మాట్లాడేటోళ్లు. అమ్మ పోయినంక నేను గూడ మాట్లాడలే." అని కలానికి టోపీ పెట్టారు. "మార్కులు ఏసిన. ఇగ పరీక్ష గాదు. జర ఉత్తగనే మాట్లాడు."

"ఏం మాట్లాడాలె సార్?"

"నల్లా కాడ ఇంక ఏమేమంటరో చెప్పు."

హెగ్డే నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను చేతులు కట్టుకుని, ఆ మెత్తటి గొంతుతో కనకవ్వ తగాదా మొదటి నుంచి అందుకున్నాడు. డైరెక్టరు గారు కళ్లు మూసుకుని వింటున్నారు. వరండాలో రైల్వే ఆయన తన వంతు వచ్చిందేమోనని లేచి నిలబడ్డాడు. ఇంకాసేపు కూర్చోమని చెప్పి నేను తలుపు దగ్గరికి వేశాను.